పూత రాలుటకు పది దినముల వెనుకటి కారణము

ఒక నష్టము మన కంటబడిన దినమునకును, ఆ నష్టము నిజముగా సంభవించిన దినమునకును నడుమ కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధిని లెక్కలోనికి తీసికొనక, కంటబడిన నాడే హేతువును ఊహించి, ఆ పూటయే చికిత్సకు పూనుకొను స్వభావము మనలో పెక్కుమందికి కలదు. సంతాన శిక్షణమందును, వ్యాపార వ్యవహారములందును, దేహారోగ్యమందును ఈ తొందరపాటు చేయు కీడు అల్పము కాదు. అయితే మనుష్యుల విషయమున హేతువులు ఎప్పుడును వివాదాస్పదములే గనుకను, ఎవరి వాదము వారికి బలవత్తరముగనే తోచును గనుకను, ఈ అధ్యాయమున నేను వాదమునకు దిగని ఒక జీవిని, అనగా టమాట మొక్కను, ఉదాహరణముగా గైకొనుచున్నాను. దాని లెక్క దొరకును. ఆ లెక్క తెలిసికొన్నవానికి చెట్టున నాలుగు కాయలు నిలుచుటయే గాక, చేతిలోని డబ్బును కొంత నిలుచును.

ఫాల్గుణ చైత్ర మాసములలో సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని ఎరువుల దుకాణము ముందర కొంతసేపు నిలిచినచో ఇట్టి సంభాషణ చెవినబడక మానదు.

“అన్నా, టమాట పూతంత రాలిపోతాంది. ఏమన్న మంచి మందుంటె ఇయ్యరాదె.”

“ఎప్పటి సంది?”

“నిన్నటి సంది జూస్తున్న.”

“గింతె గద! ఇది కొట్టు. మూడొద్దులల్ల నిలవడ్తది.”

రైతు అసత్యమాడలేదు, అతడు చూచినది నిన్ననే. దుకాణదారుడును మోసము చేయవలెనని పలికి యుండడు. మునుపు ఎవరికో ఇచ్చిన మందుతో పూత నిలిచినదని వినియుండును. కాని నిన్న రాలిన ఆ పువ్వునకు అపాయము కలిగినది నిన్న కాదు. అది మొగ్గగా, ఆకుపచ్చని రక్షకపత్రముల మరుగున, కంటికి ఆననంత చిన్నదిగా ఉన్న కాలముననే, అనగా విచ్చుకొనుటకు 7 మొదలు 15 దినముల ముందరనే, దానిలోని పుప్పొడి చెడిపోయినది. మందు కొట్టిన మూడవనాడు నిలిచిన పూత ఆ మందునకు ఋణపడినదో, అంతకు పదినాళ్ల ముందు ఆకాశమున మబ్బుపట్టి చల్లబడిన రెండు రాత్రులకు ఋణపడినదో విచారించువా రరుదు. యశస్సు మాత్రము సీసాకే దక్కును.

రాలిన పువ్వు నొకదానిని ఏరి అరచేత నుంచుకొని చూడుడు. ఐదారు పసుపుపచ్చని రేకులు వెనుకకు వంగియుండును. వాని నడుమ కేసరము లన్నియు ఒకదాని నొకటి అంటుకొని, పైకి పోనుపోను సన్నగిల్లు ఒక గొట్టముగా ఏర్పడియుండును. గోటితో ఆ గొట్టమును నిలువునా చీల్చినచో లోపల లేతాకుపచ్చని కీలమును, దాని కొనయందు గుండుసూది తలకంటె చిన్నదియగు కీలాగ్రమును కనబడును. టమాటలో పుప్పొడి గొట్టము లోపలివైపుననే వెలువడును; కీలాగ్రమును ఆ లోపలనే యుండును; కావున పువ్వు చిన్నగా కదలినంతనే తన పరాగము తనమీదనే రాలి, పరాగసంపర్కము జరిగిపోవును. ఇంతటి చక్కని ఏర్పాటు ఉండియు పూత ఏల రాలవలెనని అడుగుదురేమో. వేసవిలో రాలిన పువ్వును చూచినచో సమాధానము అందే కలదు: కీలము పొడవు పెరిగి, గొట్టపు మూతిని దాటి, బయటికి పొడుచుకొని వచ్చియుండును. లోపల రాలవలసిన పొడికిని, బయట నిలిచిన కీలాగ్రమునకును పొత్తు కుదరదు. ఆ గొట్టమునే నల్లని గుడ్డపై తట్టి చూచినచో, ఆరోగ్యవంతమైన పువ్వునుండి పడవలసిన తెల్లని ధూళి పడకపోవచ్చును. పడినను అందలి రేణువులలో అనేకములు మొలకెత్తజాలని తాలుగింజలు.

ఇక పువ్వు కాడను చూడుడు. కాడ నడిమిభాగమున చిన్న కణుపు కలదు. పువ్వు రాలునది సరిగా అచ్చటనే. కత్తితో కోసినంత నున్నగా విడిపోవును. ఇది గాలికి విరిగినది కాదు, మొక్క తానుగా విడిచిపెట్టినది. ఫలదీకరణము జరిగిన అండములు ఆక్సిన్ అను వర్ధక ద్రవ్యమును పుట్టించి కాడగుండ క్రిందికి పంపుచుండును. ఆ ప్రవాహము సాగుచున్నంతకాలము కణుపు గట్టిగా నిలుచును. ప్రవాహము ఆగినతోడనే ఇథిలీన్ అను వాయువు ప్రభావము పైచేయియై, కణుపులోని కణముల నడుమ నున్న బంధకద్రవ్యము కరగి, కాడ పసుపువన్నెకు తిరిగి, పువ్వు నేలబడును. కరవు వచ్చిన యేట ఇంటిలోని పెండ్లిని మరుసటి యేటికి త్రోసివేయు గృహస్థు ఎట్టివాడో, టమాట మొక్కయు అట్టిదే: పోషింపజాలనని తోచిన భారమును అది మొదటనే దించుకొనును. దానిని వ్యాధి యని పిలుచుట నా దృష్టిలో పొరపాటు. అది ఒక నిర్ణయము; ఆ నిర్ణయమునకు దారితీసిన పరిస్థితిని మార్చకుండ నిర్ణయమును మాత్రము మార్చబూనుట వలన ఫలితము స్వల్పము.

ఆ పరిస్థితులలో ప్రథమమైనది ఉష్ణము, అందును రాత్రి ఉష్ణము. మన పెద్దలు రామములగ యని వ్యవహరించిన ఈ మొక్క దక్షిణ అమెరికా పడమటి తీరమున, పెరూ, ఈక్వడారు దేశముల కొండచరియల ప్రాంతమున పుట్టినది. పగలు ఎండ, రాత్రి చల్లదనము దాని రక్తమున నున్నవి. హాలండులో జన్మించి కాలిఫోర్నియాలోని పాసడేనాలో పరిశోధనలు సాగించిన ఫ్రిట్స్ వెంట్ అను వృక్షశాస్త్రజ్ఞుడు, ఉష్ణోగ్రతను తన అదుపులో నుంచుకొన్న గదులలో టమాట మొక్కలను పెంచి, కాయ కట్టుటను నిర్ణయించునది ప్రధానముగా రాత్రి ఉష్ణోగ్రతయే యనియు, అది 15 మొదలు 20 డిగ్రీల సెంటీగ్రేడు వరకు నున్నప్పుడు కాయ బాగుగ నిలుచుననియు 1944లో ప్రకటించెను. తరువాతి పరిశోధకులు ఈ హద్దులను కొంత సవరించిరి గాని త్రోసివేయలేదు. స్థూలముగా చెప్పవలెనన్న, పగలు 35 డిగ్రీలు మించినను, రాత్రి 24 డిగ్రీలకు దిగకపోయినను సామాన్య రకములలో పూత నిలుచుట కష్టము. రాత్రి 13 డిగ్రీలకంటె తగ్గినను అట్లే కష్టము, కాని ఈ రెండవ బాధ మన మూడు పట్టణములకు చాల అరుదు.

మొదటి బాధ మనకు ఏటేటను తప్పదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా వేసవి ఎట్టిదో ఎరుగనివారికి 2015 మే మాసమును జ్ఞప్తికి తెచ్చిన చాలును. ఆ నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి రెండువేల మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. మనుష్యుడే తాళలేని ఎండలో టమాట పుప్పొడి తాళవలెనని కోరుట న్యాయము కాదు. పగటి ఎండను మనము పత్రికలలో చదివి గుండెలు బాదుకొందుము గాని, మొక్కను ఎక్కువగా కృశింపజేయునది అర్ధరాత్రి దాటినను చల్లబడని గాలి. రాత్రి వేడిగా నున్నప్పుడు మొక్క పగలంతయు కూడబెట్టిన చక్కెరను శ్వాసక్రియ రూపమున తానే దహించుకొనును. పుప్పొడికి మిగులునది తక్కువ.

ఇచ్చట మదనపల్లె సంగతి చెప్పక తప్పదు. రాయలసీమలోని ఆ పట్టణపు టమాట అంగడి దేశములో పేరెన్నిక గన్నది. వేసవిలో మన సూర్యాపేట సంతలో పోసిన టమాటలలో అచ్చటినుండి వచ్చినవి కొన్ని యుండును. మదనపల్లె రైతు మన రైతుకంటె చతురుడని కాదు, అతని మందులు మేలైనవియు కావు. ఆ ఊరు సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల యెత్తున నున్నది. మన మూడు పట్టణములు దానికి ఎంతో దిగువన, కృష్ణా మూసీ నదుల పల్లపు మైదానముల నున్నవి. ఎత్తు తెచ్చిన చల్లని రాత్రులను సీసాలో పోసి అమ్ముట సాధ్యము కాదు. పువ్వు కాయయై, కాయ పండగుటకు ఏడు వారములకు అటునిటుగ పట్టును. కావున మే నెల ఎండలలో రాలిన పూత జూన్ చివరనుండి అంగడిలో కొరతగా కనబడును. 2023 జూలైలో దేశములోని అనేక నగరములలో కిలో టమాట 150 రూపాయలు దాటినప్పుడు వర్షములను, దళారులను, తెగుళ్లను నిందించినవారు పెక్కుమంది. ఆ నిందలలో నిజము లేకపోలేదు, కాని ఏటేట వానకాలపు తొలినాళ్లలో ధర చెట్టెక్కుటకు వేసవి రాత్రుల వాటా యెంతయని అడిగినవారు తక్కువ.

ఎండ మన చేతిలోనిది కాదు. మన చేతిలోని తప్పులు వేరుగా కలవు. వానిలో ముఖ్యమైనవి, నా అభిప్రాయమున, వరి నేర్పినవి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. లాల్ బహదూర్ కాలువ యని పేరుగన్న ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల మెట్టచేలను మాగాణులుగా మార్చినది; జొన్న, ఆముదము, కంది పండిన నేలలు వరినేలలైనవి; మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు దేశమంతట పేరు వచ్చినది. ఇదంతయు గర్వింపదగినదే. కాని రెండు తరములపాటు వరి సేద్యము చేసిన చేతికి రెండు అలవాట్లు గట్టిపడినవి: మడి నిండ నీరు నిలిపిననే తృప్తి, ఆకు నల్లగా మిసమిసలాడువరకు యూరియా చల్లిననే తృప్తి. ఆ చేయియే కాలువగట్టున పది సాళ్లు టమాట పెట్టినప్పుడు, ఈ రెండు తృప్తులను అచ్చటికిని కొనిపోవును.

టమాట వేళ్లకు గాలి కావలెను. నల్లరేగడి నేలలో మడి కట్టినట్లు నీరు నిలిపినచో వేళ్లకు ప్రాణవాయువు అందక, ఇథిలీన్ పుట్టుటకు మూలమైన ద్రవ్యము వేళ్లలో తయారై కాండముగుండ పైకి ప్రాకును. మరునాటికే ఆకుల తొడిమలు క్రిందికి వ్రేలాడును. ఆ వెనుక పూత రాలును. నీరుండగా మొక్క వాడినదేమని రైతు మరియొక తడి యిచ్చును. దీనికి విరుద్ధముగ, పది దినములు ఎండగట్టి ఒక్కసారిగ నిండుగ పారించుటయు అంతే హానికరము. కొద్దికొద్దిగా, తరచుగా, సాళ్ల నడుమ పలుచగా తడుపుట మేలు. బిందుసేద్యపు గొట్టములున్నవారికి ఈ చిక్కే లేదు.

యూరియా సంగతి మరింత సున్నితమైనది. నత్రజని మితిమీరిన టమాట మొక్క చూపునకు అతి సుందరముగ నుండును. కాండము బొటనవ్రేలంత లావెక్కి, ఆకు ముదురు పచ్చనై, కొమ్మలు గుబురుగ పెరిగి, చూచినవారందరు మెచ్చుకొందురు. పూత మాత్రము పలుచనై, వచ్చినదియు నిలువదు. మొక్క తన బలమునంతటిని ఆకునకు ధారపోయుచున్నదన్నమాట. నత్రజనిని ఒకేమారు పోయక, నాటిన 30, 45, 60 దినములకు మూడు భాగములుగా వేయవలెనని చెప్పుటలో అర్థమిదే. పొటాషును మరచుట మన రైతులలో సామాన్యము. బస్తా ధర అట్టిది.

మూడవది వరిచేలనుండి గాలిలో వచ్చు ఆపద. వరిలో వెడల్పాకు కలుపును చంపుటకు 2,4-డి అను మందును వాడుదురు. దాని తుంపరలు గాలికి కొట్టుకొనివచ్చి సోకిన మాత్రముననే టమాట లేతాకులు దారములవలె సన్నబడి మెలివడును, కొమ్మలు వంకరలు తిరుగును, పూత రాలును. తోటలో వరిచేను వైపున నున్న సాళ్లే చెడి, ఆవలివైపున నున్నవి బాగుగనున్నచో మీరు వేరు కారణమును వెదకనక్కరలేదు. అంతకంటె తరచుగ జరుగునది, కలుపుమందు కొట్టిన పంపునే సరిగ కడుగక టమాటకు పురుగుమందు కొట్టుట. విచిత్రమేమనగా, ఇదే ద్రవ్యమును అత్యల్ప మోతాదులో, లీటరు నీటికి కొన్ని మిల్లీగ్రాములు మాత్రము కలిపి, టమాటలో కాయ కట్టించుటకు పరిశోధకులు ప్రయోగించియుండిరి. అది ప్రయోగశాల పని. పంపులో మిగిలిన మడ్డితో చేయు పని కాదు. కలుపుమందునకు వేరుగ ఒక పంపు నుంచుకొనుటకంటె చౌకయైన టమాట మందు లేదు.

పట్టణవాసులకు ఒక మాట. సూర్యాపేటలోను, మిర్యాలగూడలోను మేడలమీద కుండీలలో టమాట పెంచు గృహిణులు, విశ్రాంత ఉద్యోగులు ఇప్పుడు ఎందరో కలరు. చేనిలోని మొక్కకంటె డాబామీది మొక్కకు కష్టము అధికము. పగలంతయు ఎండను త్రాగిన సిమెంటు కప్పు రాత్రి తెల్లవార్లు ఆ వేడిని వెలిగ్రక్కుచుండును. నల్లని ప్లాస్టిక్ కుండీలో వేళ్లు ఉడికినట్లగును. కుండీలను ఇటుకలమీదికెత్తి, నేలపై తడిపిన గోనె పరచి, పడమటి ఎండ సోకకుండ ఒక పచ్చని నెట్ కట్టినచో నాలుగైదు గుత్తులైనను దక్కును. నెట్ దట్టముగా నుండరాదు. 35 శాతపు నీడ చాలును, వెలుతురు మరీ తగ్గినను పూత రాలును. మేడమీద గాలి ఆడని మూలన పెట్టినవారు ఉదయము పది గంటల వేళ, మంచు తడి ఆరిన పిమ్మట, పూగుత్తి వెనుకనుండి వ్రేలితో రెండుమార్లు మెల్లగ మీటవలెను. బ్యాటరీతో నడచు పండ్లకుంచె యున్నచో దాని వెనుకభాగమును కాడకు తాకించిన మరింత మంచిది.

ఈ మీటుట చాదస్తము కాదు. ప్రకృతిలో ఆ పనిని మన తుమ్మెదలు చేయుచున్నవి. తుమ్మెద పువ్వును కరచి పట్టుకొని, రెక్కలాడింపకయే రొమ్ము కండరములను కంపింపజేసి, ఆ ఝంకారముతో పుప్పొడిని రాల్చును. తేనెటీగకు ఈ విద్య రాదు. ఐరోపాలోని గాజు గృహములలో టమాట పండించువారు చిరకాలము కూలీలచేత పూగుత్తులను యంత్రములతో కదలించి, 1987 ప్రాంతమున బెల్జియములో ఈ విద్య తెలిసిన బంబుల్ బీ అను ఈగలను పెంచి అమ్ముట మొదలైన తరువాత ఆ శ్రమనుండి విముక్తులైరి. మన పొలము గట్లమీద ఎండుకట్టెలను, వెదురును తొలిచి కాపురముండు తుమ్మెదకు ఎవరును జీతమీయనక్కరలేదు; పూత వేళలో ఉదయము పూట పురుగుమందు కొట్టకున్న చాలును.

తామరపురుగులు పువ్వులో దూరి రసము పీల్చుటవలనను పూత రాలును. తెల్లకాగితముపై పువ్వును దులిపినచో సన్నని పురుగులు పరుగిడుట కనబడును, కనబడిననే మందు. బోరాన్ లోపమువలన పుప్పొడి మొలకెత్తదు. మట్టిపరీక్షలో తేలిననే బోరాక్స్. గరిడేపల్లి మండలములోని గడ్డిపల్లిలో ఒకటి, మిర్యాలగూడకు చేరువ కంపాసాగరములో ఒకటి కృషి విజ్ఞాన కేంద్రములుండగా, అచ్చటి శాస్త్రజ్ఞుల నడుగక దుకాణపు బల్లమీద రోగనిర్ణయము చేయించుకొనుట ఏమి న్యాయము?

ప్లానోఫిక్స్ అను పేరుతో దొరకు మందు గూర్చి చాలమంది అడుగుదురు. అది కల్ల మందు కాదు. అందున్నది ఆక్సిన్ జాతి ద్రవ్యమే, 4.5 శాతపు ఆ ద్రవమును 4.5 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి పూత వేళ చల్లినచో, కాడలోని కణుపునకు కొంతకాలము భరోసా దొరకి పువ్వు నిలుచును. కాని నిలిచిన ప్రతి పువ్వును మంచి కాయ కాజాలదు. గింజ కట్టని పువ్వును బలవంతముగ నిలిపినప్పుడు వచ్చు కాయ తరచుగ చిన్నదై, లోపల డొల్లయై, తూకము లేనిదగును. మార్చి నెలలో ఎండ అప్పుడప్పుడు మాత్రమే హద్దు మీరుచున్న దినములలో అది సాయపడును. మే నెల నడుమ దానికై వెచ్చించిన సొమ్ము వృథా. మోతాదు రెట్టింపు చేసినవారికి ఆకు ముడుచుకొనుట అదనపు ప్రతిఫలము.

నేను చెప్పవచ్చిన ఉపాయము చాల సాదాయైనది. గోడకు తగిలించు ఉష్ణమాపకము నొకదానిని కొని, తోటలో నీడపట్టున కట్టి, తెల్లవారుజామున చూచి, ఆ దినపు కనిష్ఠమును ఒక పుస్తకములో వ్రాసికొనుడు. నీరు పెట్టిన దినము, యూరియా వేసిన దినము, పొరుగు చేలో కలుపుమందు కొట్టిన దినమును అందే గుర్తించుడు. పూత రాలిన నాడు దుకాణమునకు పోవుటకు ముందు ఆ పుస్తకము తెరచి, పది దినముల వెనుకటి పుటను చదువుడు. అచ్చట 27 డిగ్రీల రాత్రులు వరుసగ నున్నవా? యూరియా బస్తా ఉన్నదా? కాలువ నీరు నిండుగ పారించిన గుర్తు ఉన్నదా? సమాధానము తొంబదిపాళ్లు ఆ పుటలోనే యుండును. ఉన్నచో, ఆ నాటి దెబ్బ తినిన మొగ్గలన్నియు ఇంకొక వారము వరకు రాలుచునే యుండునని తెలిసికొని, ఓపిక పట్టవలెను. ఈ వారము మీరు చేయు మంచి పనికి ఫలితము మీ కంటికి ఆనుట వచ్చు పక్షమున. ఈ ఎదురుచూపు మన స్వభావమునకు చాల కష్టమైనది. మూడవనాడే ఫలితము కావలెననువాడు మూడు మందులు మార్చును; అందులో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో అతనికిని తెలియదు, అతని సలహాను విన్న పొరుగువానికిని తెలియదు.

మొక్క నిండ కాయ పట్టిన తరువాత కొన గుత్తులలోని పూత రాలుటను చూచి దిగులు పడనక్కరలేదని కూడ చెప్పవలెను. ఒక గుత్తిలో ఐదు మొదలు ఎనిమిది పువ్వులుండి, నాలుగు కాయలైనచో అది మంచి కాపే. ఉన్న కాయలను సాకుటకు మొక్క కడపటి పువ్వులను విడిచిపెట్టుట సహజధర్మము. దానికి మందు లేదు, అక్కరయును లేదు.

అన్నిటికంటె బలమైన ఉపాయము నారు పోయు దినమును ఎంచుకొనుట. నారు నాటునప్పటికి నాలుగు వారములు, నాటిన పిమ్మట పూతకు మరియొక నాలుగు వారములని గణించుకొనుడు. ఉత్తర కార్తెలో నారు పోసి, చిత్తలో నాటినచో విశాఖ, అనూరాధ కార్తెలలో పూత వచ్చును. అప్పుడు మన ప్రాంతమున రాత్రులు చల్లబడి, వెంట్ చెప్పిన హద్దులకు చేరువ యగును. వేసవి పంట కావలెనను వారు డిసెంబరు నడుమ నారు పోసి, జనవరి నడుమ నాటి, ఫిబ్రవరి నడుమనుండి మార్చి చివరవరకు వచ్చు పూతతోనే తృప్తిపడవలెను. ఆ వేళకు సాళ్ల నడుమ వరిగడ్డి పరచినచో నేల చల్లబడును; మన ప్రాంతమున గడ్డికి కొదువ లేదు, కోత యంత్రము విడిచిన గడ్డిని తగులబెట్టుటకంటె ఇది వేయిరెట్లు మేలు. పడమటి గట్టున మొక్కజొన్నయో, అవిసెయో ముందుగ నాటిన సాయంకాలపు ఎండ కొంత తగ్గును. వేడికి ఓర్చు రకములును కలవు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా సదాబహార్ వంటివి సామాన్య రకములకంటె వేడి రాత్రులలో కాయ నిలుపుకొనును. కాని ఏ రకమైనను రోహిణి కార్తెతో పందెము వేయజాలదు.

కావున చదువరులారా, రోహిణిలో పూతకు మందు వెదకుట మానుడు; ఆ డబ్బుతో ఉష్ణమాపకము కొని, రాబోవు ఉత్తర కార్తెకు మంచి నారు సిద్ధము చేసికొనుడు.